విడిపోకపోయి ఉంటే? మీ కథకి ఏ సమాఖ్య సరిపోతుంది

"అలా కాకుండా ఇలా జరిగి ఉంటే" అనే కథలు రాయబోయేవాళ్లు మొదట చేసే పని మ్యాపు గీసుకోవడం. నేనూ అదే చేశాను. సామ్రాజ్యం మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయింది, దాని పాత వలస రాజ్యాలన్నీ కలిసి ఒక పెద్ద కూటమిగా నిలబడ్డాయి. సరిహద్దులు దిద్దాను, జెండాకి రంగులు కూడా వేశాను. మూడో అధ్యాయంలో కథ ఆగిపోయింది. ఆ కూటమిలో ఎవరికీ ఎవరితోనూ పేచీ లేదు మరి. పేచీ లేని ఉమ్మడి కాపురం మీద మూడువందల పేజీలు ఎవరు చదువుతారు?

మ్యాపు పక్కన పెట్టి, నిజంగా కలిసి విడిపోయిన సమాఖ్యల చరిత్రలు చదవడం ఆ తర్వాతే మొదలుపెట్టాను. ఇలాంటి కథ రాయాలని ఉండి, ఏది పట్టుకోవాలో తేలక ఊగుతున్నవాళ్ల కోసం ఈ పోలిక. అయిదు సమాఖ్యలు తీసుకున్నాను. వదిలేసినవాటి గురించి చివర్లో రెండు ముక్కలు చెబుతాను.

ముందు ఒక తేడా చూసుకోవాలి. ఫెడరేషన్‌ని, కాన్ఫెడరేషన్‌ని మనం సమాఖ్య అనే ఒకే మాటతో సరిపెట్టేస్తాం. ఫెడరేషన్‌లో కేంద్రం పౌరుడి దగ్గర నేరుగా పన్ను వసూలు చేస్తుంది, సొంత చట్టం అమలు చేస్తుంది. కాన్ఫెడరేషన్‌లో అసలు అధికారం సభ్య దేశాలదే. కేంద్రం వాళ్లిచ్చే వాటా మీద బతుకుతుంది, ఇష్టం లేనివాడు బయటికి నడవచ్చు. పొయ్యి ఒకటే, జేబులు ఎవరివి వాళ్లవి. కథకి రెండోదే మంచిది. ప్రతి బడ్జెట్‌కీ ఒక గొడవ గ్యారంటీ.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

మొదటిది, మలుపు ఎంత చిన్నది అన్నది. ఒక ఓటింగు, ఒక రాత్రి, ఒక ప్రెస్ మీట్ మారిస్తే చరిత్ర మారేలా ఉండాలి. పది విషయాలు మారిస్తే గానీ కుదరని సమాఖ్యని పాఠకుడు నమ్మడు.

రెండోది, ఇంట్లో పెద్దన్న ఎవరు అన్నది. ప్రతి సమాఖ్యలోనూ జనాభాలోనో డబ్బులోనో ఒకడు పెద్దవాడుంటాడు. నేనే మోస్తున్నానని వాడి బాధ, వాడే తినేస్తున్నాడని మిగతావాళ్ల బాధ.

మూడోదే నాకు అన్నిటికంటే ముఖ్యం: ఉమ్మడి ఆస్తి. రైల్వేనా, యూనివర్సిటీనా, అప్పా? వేరుపడితే పంచుకోవడం కష్టమయ్యే వస్తువు ఏముంది? ఈ విషయంలో తెలుగు రచయితకి ఒక అనుకూలత ఉంది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు 58.32, 41.68 అనే పంపకం శాతాలు మనకి నోటికొచ్చేశాయి. తొమ్మిదో షెడ్యూలు, పదో షెడ్యూలు అని పేపర్లలో ఏళ్ల తరబడి చదివాం. ఒకే నగరం పదేళ్లు ఇద్దరికీ రాజధాని అంటే ఎలా ఉంటుందో చూశాం. అన్నదమ్ముల పంపకంలో పొలం కంటే బావి దగ్గరే ఎక్కువ గొడవ అని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక ఆధారాలు ఏ భాషలో దొరుకుతాయి, కథలో తెలుగు పాత్రకి చోటుందా అన్నవి తర్వాతి సంగతులు. చోటు లేకపోతే బలవంతంగా దూర్చకండి.

| సమాఖ్య | నిజంగా ఏమైంది | మార్చాల్సిన మలుపు | ఉమ్మడి ఆస్తి | రాసేవాడి కష్టం |
|---|---|---|---|---|
| క్యాబినెట్ మిషన్ భారతం | పుట్టలేదు | 1946 జులై | సైన్యం, రైళ్లు, తపాలా | పాఠకుడికి ముందే గట్టి అభిప్రాయాలుంటాయి |
| వెస్టిండీస్ | 1958–62 | 1961 రెఫరెండం | యూనివర్సిటీ, ఓడలు, క్రికెట్ జట్టు | దీవుల మధ్య తేడాలు పట్టుకోవాలి |
| తూర్పు ఆఫ్రికా | 1963 ప్రకటన దగ్గర ఆగింది | ముందే కలిసి స్వతంత్రం | రైల్వే, విమానాలు, కరెన్సీ | మూడు దేశాల రాజకీయం |
| మాలి | స్వతంత్రం వచ్చాక 2 నెలలు | ఒక్క రాత్రి | ఒక రైలు మార్గం | ఆధారాలు ఎక్కువగా ఫ్రెంచిలో |
| గ్రాన్ కొలంబియా | 1819–31 | ఒక్కటి చాలదు | లండన్ అప్పు | రెండు శతాబ్దాల దూరం |

క్యాబినెట్ మిషన్ భారతం

మనలో చాలామంది చెయ్యి ముందు దీని మీదికే పోతుంది. 1946 మే 16న బ్రిటిష్ మంత్రులు పెథిక్ లారెన్స్, క్రిప్స్, అలెగ్జాండర్ ఒక ప్రణాళిక ప్రకటించారు. కేంద్రానికి మూడే మూడు: విదేశీ వ్యవహారాలు, రక్షణ, రవాణా-సమాచారం, వాటికి కావలసిన డబ్బు. మిగతావన్నీ రాష్ట్రాలవి. రాష్ట్రాలు మూడు గ్రూపులు. ఎ గ్రూపులో మద్రాసు, బొంబాయి, యునైటెడ్ ప్రావిన్సెస్, బీహార్, సెంట్రల్ ప్రావిన్సెస్, ఒరిస్సా. బి గ్రూపులో పంజాబ్, సింధ్, వాయవ్య సరిహద్దు రాష్ట్రం. సి గ్రూపులో బెంగాల్, అస్సాం. రాజ్యాంగ సభలో ఈ మూడింటికీ వరసగా 187, 35, 70 సీట్లు, సంస్థానాలకి 93 దాకా. పెద్దన్న ఎవరో ఆ అంకెలే చెబుతున్నాయి.

జూన్ 6న ముస్లిం లీగ్ ఒప్పుకుంది. అదే నెల 25న కాంగ్రెస్ కూడా, గ్రూపుల మీద తన సొంత అర్థం చెప్పుకుంటూ, ఒప్పుకుంది. జులై 10న బొంబాయిలో నెహ్రూ ప్రెస్ మీట్ పెట్టి, రాజ్యాంగ సభకి వెళ్లడానికి తప్ప దేనికీ కట్టుబడలేదన్నట్టు మాట్లాడారు. జులై 29న లీగ్ తన ఒప్పుకోలు వెనక్కి తీసుకుంది. ఆగస్టు 16న కలకత్తా తగలబడింది. మౌలానా ఆజాద్ తర్వాత ఈ ప్రెస్ మీట్‌ని పెద్ద పొరపాటుగా లెక్కగట్టారు. మలుపు ఇంత చిన్నగా కనిపించే సందర్భం అరుదు. కానీ ప్రెస్ మీట్ ఒక్కటి రద్దు చేస్తే సరిపోతుందని నేననుకోను. సి గ్రూపులో బెంగాల్‌తో కట్టెయ్యడాన్ని అస్సాం నుంచి గోపీనాథ్ బార్దొలాయ్ గట్టిగా వ్యతిరేకించారు, గాంధీ ఆయన పక్కన నిలబడ్డారు. ఆ పేచీకి కూడా మీ కథలో ఒక జవాబుండాలి.

తెలుగు రచయితకి అసలు బంగారం ఇక్కడ వేరే ఉంది. నెహ్రూ ప్రెస్ మీట్‌కి సరిగ్గా ఆరు రోజుల ముందు, జులై 4న, తెలంగాణలోని కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకి పడిపోయాడు. ఢిల్లీలో గ్రూపుల లెక్కలు నడుస్తున్నప్పుడే ఇక్కడ గడీల మీదికి జనం నడుస్తున్నారు. ఇప్పుడు ఊహించండి: ప్రణాళిక నెగ్గింది, హైదరాబాద్ సంస్థానం బేరమాడుకుని యూనియన్‌లో చేరింది. నిజాం గద్దె మీదే ఉన్నాడు. 1948లో జరిగినదాన్ని మనం పోలీసు చర్య అంటున్నాం. ఈ యూనియన్‌కి సైన్యం ఉంది గానీ పోలీసే లేదు, శాంతిభద్రతలు దాని పని కాదు. మరి కడవెండి సంగతి ఎవరు చూస్తారు? అటు మద్రాసులో ఆంధ్ర రాష్ట్రం కావాలన్నవాళ్లు ఢిల్లీని అడగాలా, ఎ గ్రూపుని అడగాలా? ఏ తలుపు తట్టాలో తెలియని ఉద్యమం. నవలకి ఇంతకంటే ఏం కావాలి.

ఆధారాలకి కొదవ లేదు. బ్రిటిష్ ప్రభుత్వమే ఆనాటి పత్రాలు 12 సంపుటాలు అచ్చువేసింది. చిక్కల్లా పాఠకుడే. దేశ విభజన మీద మన దగ్గర అందరికీ తీర్పు సిద్ధంగా ఉంటుంది. మీరు ఏ పాత్రని మంచిగా చూపించినా ఎవరో ఒకరు కథ మానేసి రాజకీయం మాట్లాడతారు. నా మూడు అధ్యాయాలు చదివిన మిత్రుడు కూడా అదే చేశాడు. జిన్నా గురించి గంటసేపు వాదించాడు, నా కథానాయిక పేరు మాత్రం అతనికి గుర్తులేదు.

వెస్టిండీస్ సమాఖ్య

నన్నడిగితే కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఇదే మంచిది. 1958 జనవరి 3న పుట్టి 1962 మే 31న పోయింది. జమైకా, ట్రినిడాడ్-టొబాగో, బార్బడోస్, మరో ఏడు చిన్న యూనిట్లు, మొత్తం పది. పేరుకి ఫెడరేషన్, జేబు చూస్తే కాన్ఫెడరేషన్. ఆదాయపు పన్ను వేసే అధికారం మొదటి అయిదేళ్లు కేంద్రానికి లేదు. సభ్యులిచ్చే వాటాలతో ఇల్లు నడపాలి. ప్రధాని గ్రాంట్లీ ఆడమ్స్ 1958లో, అయిదేళ్లయ్యాక పాత తేదీ నుంచి కూడా పన్ను వెయ్యొచ్చు అన్నట్టు నోరు జారేసరికి జమైకాలో గగ్గోలు పుట్టింది.

ఇక్కడ పెద్దన్న కథ భలేగా ఉంటుంది. జనాభాలో సగానికి పైగా జమైకాదే, 45 మంది సభలో దాని సీట్లు మాత్రం 17. పైగా జమైకా, ట్రినిడాడ్‌ల పెద్ద నాయకులు నార్మన్ మాన్లీ, ఎరిక్ విలియమ్స్ ఇద్దరూ కేంద్రానికి పోటీయే చెయ్యలేదు. ఎవరి దీవిలో వాళ్లు కూర్చున్నారు. ఎవరి భయం వాళ్లది: బయటి సరుకు వచ్చి తన పరిశ్రమలు దెబ్బతింటాయని జమైకాకి, చిన్న దీవుల జనం పనికోసం వచ్చి పడతారని ట్రినిడాడ్‌కి. రెండింటి మధ్య దూరం 1,600 కిలోమీటర్లకి పైనే. ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండానే అపార్థం చేసుకునేంత దూరం.

రాజధాని కథయితే అచ్చం మనవాళ్లు రాసినట్టే ఉంటుంది. ట్రినిడాడ్‌లోని చాగ్వరామస్ అని నిర్ణయించారు. తీరా చూస్తే అక్కడ అమెరికా నౌకా స్థావరం ఉంది, వాళ్లు ఖాళీ చేసేది లేదన్నారు. దాంతో పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో తాత్కాలికంగా సర్దుకున్నారు. సమాఖ్య ఉన్నన్నాళ్లూ అది తాత్కాలికమే.

మలుపు 1961 సెప్టెంబర్ 19. మాన్లీ స్వయంగా పెట్టించిన రెఫరెండంలో జమైకా ఓటర్లు సుమారు 54 శాతం మంది వద్దన్నారు. పదిలోంచి ఒకటి తీస్తే మిగిలేది సున్నా అని విలియమ్స్ తన లెక్క చెప్పి ట్రినిడాడ్‌ని కూడా తప్పించారు. మరుసటి ఆగస్టులో రెండూ విడివిడిగా స్వతంత్ర దేశాలయ్యాయి. మాన్లీ ఆ ఓటు పెట్టకపోయినా, 1958లో తానే కేంద్రానికి వెళ్లి ఉన్నా కథ వేరు. రెండో దారే నాకు ఎక్కువ నచ్చింది. మనిషి ఒక ఇంట్లోంచి ఇంకో ఇంటికి మారడం, అంతే.

ఉమ్మడి ఆస్తి చూడండి. దీవుల మధ్య తిరగడానికి కెనడా ఇచ్చిన రెండు ఓడలు. ఒక యూనివర్సిటీ. ఇంకా క్రికెట్ జట్టు. సమాఖ్య పోయి అరవై ఏళ్లు దాటినా యూనివర్సిటీ, జట్టు ఇంకా ఉమ్మడిగానే ఉన్నాయి. దేశం లేని జట్టు అది. మన పాఠకుడికి లాయిడ్, రిచర్డ్స్ ముందే చుట్టాలు. పరిచయానికి పది పేజీలు మిగిలినట్టే. దేశమే ఉండి ఉంటే సెలెక్షన్ కమిటీ గొడవలు పార్లమెంటులో నడిచేవి, ఆ అధ్యాయం ఒక్కటే చాలు పుస్తకం అమ్ముడుపోవడానికి.

తెలుగు పాత్ర కావాలంటే నిజమైన దారి ఒకటుంది. సమాఖ్యలో చేరకుండా పక్కన ఉండిపోయిన బ్రిటిష్ గయానాకి కూలీలుగా వెళ్లిన భారతీయుల్లో ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి వెళ్లినా, మద్రాసు రేవు నుంచి వెళ్లినవాళ్లూ ఉన్నారు, వాళ్లలో తెలుగువాళ్లున్నారు. వాళ్లందర్నీ కలిపి అక్కడ మద్రాసీలనే అన్నారు. మీ కథలో గయానాని కూడా చేర్చితే సమాఖ్యలో భారతీయుల బలం ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ లెక్క మారినప్పుడు ట్రినిడాడ్ ఏమంటుందో రాయండి.

తూర్పు ఆఫ్రికా సమాఖ్య

వేరే చోట్ల ముందు దేశం కడతారు, తర్వాత రైలు వేస్తారు. ఇక్కడ తలకిందులు. కెన్యా, ఉగాండా, టాంగన్యీకా (నేటి టాంజానియాలో పెద్ద భాగం) మూడింటికీ ఉమ్మడి రైల్వే, ఉమ్మడి విమానాలు, ఉమ్మడి తపాలా, ఒకే షిల్లింగు ముందే ఉన్నాయి. లేనిదల్లా దేశమే. 1963 జూన్ 5న నైరోబీలో కెన్యా నాయకుడు కెన్యాట్టా, టాంగన్యీకా నాయకుడు నైరేరే, ఉగాండా నాయకుడు ఒబోటే ముగ్గురూ ఆ ఏడాదే సమాఖ్య కడతామని ప్రకటించారు. కట్టలేదు. ఉగాండా వెనకాడింది, దాని లోపలే ఉన్న బుగాండా రాజ్యానికి అసలే ఇష్టం లేదు. 1966కల్లా కరెన్సీ విడిపోయే దారి పట్టింది. 1967లో కట్టుకున్న తూర్పు ఆఫ్రికా కమ్యూనిటీ 1977లో కూలింది. ఆ పంపకంలో రైలింజన్లూ విమానాలూ ఎవరి గడ్డ మీద ఉన్నవి వాళ్లకి దక్కాయన్నట్టే అయింది.

మలుపు మాత్రం 1963 కాదు. మిగతా ఇద్దరితో కలిసి స్వతంత్రం వస్తుందంటే టాంగన్యీకా స్వతంత్రాన్ని కొంతకాలం ఆపుకుంటానని నైరేరే 1960లోనే అన్నారు. ముగ్గురికీ మూడు జెండాలు, మూడు ఐరాస కుర్చీలు వచ్చాక ఏ కుర్చీ ఎవడు వదులుతాడు? కాబట్టి కథ 1961 డిసెంబర్‌కి ముందే మొదలవ్వాలి.

థ్రిల్లర్ రాసేవాళ్లకి ఇది మంచిది. 1964 జనవరిలో జాంజిబార్ విప్లవం, ఆ వెంటనే మూడు దేశాల్లోనూ సైనికుల తిరుగుబాట్లు. సమాఖ్య సైన్యం అంటూ ఒకటి ఉండి ఉంటే తర్వాత ఉగాండా నియంత అయిన ఇదీ అమీన్ అనే అధికారి ఏ ఊళ్లో, ఏ హోదాలో రిటైరయ్యేవాడు? 1972లో 90 రోజుల గడువిచ్చి ఆసియా వాళ్లని ఉగాండా నుంచి వెళ్లగొట్టడం జరిగేదా? అక్కడి భారతీయుల కథ ఎక్కువగా గుజరాతీలది, పంజాబీలది. తెలుగు హీరోని దింపాలనే సరదా ఇక్కడ వద్దు.

మాలి సమాఖ్య

పెద్ద కథకి చాలదు, చిన్న కథకి దీన్ని మించింది లేదు. ఫ్రెంచి పశ్చిమ ఆఫ్రికా ఎనిమిది ముక్కలవుతుంటే, ముక్కలైతే బలం పోతుందని సెనెగల్ నాయకుడు సెంఘోర్ మొత్తుకున్నారు. చివరికి కలిసినవి రెండే: సెనెగల్, ఫ్రెంచి సూడాన్ (నేటి మాలి). 1960 జూన్ 20న స్వతంత్రం, ఆగస్టు 20న ముక్కలు. ఆ రాత్రి సమాఖ్య ప్రభుత్వాధినేత, సూడాన్ నాయకుడు మోదిబో కెయిటా అత్యవసర పరిస్థితి ప్రకటించడం, సెనెగల్ దళాలు ఆయన్నే నిర్బంధించడం, డకార్ అసెంబ్లీ అర్ధరాత్రి విడిపోతున్నట్టు ప్రకటించడం అన్నీ జరిగిపోయాయి. కెయిటాని రైల్లో బమాకో పంపించారు. ఆ తర్వాత డకార్-బమాకో రైలు మూడేళ్లపాటు సరిహద్దు దాటలేదు.

ఫ్రెంచి సూడాన్ వాళ్లు విడిపోయాక కూడా మాలి అనే పేరు ఉంచుకున్నారు. ఆఫ్రికా ఐక్యత కోసం సార్వభౌమత్వాన్ని వదులుకోవడానికి సిద్ధమని రాజ్యాంగంలోనే రాసుకున్నారు. అదే మాలి 2024 జులై 6న బుర్కినా ఫాసో, నైజర్‌లతో కలిసి సాహెల్ రాజ్యాల కాన్ఫెడరేషన్‌లో చేరింది. నిజం ఊహకి ఇంత దగ్గరగా వచ్చినప్పుడు రాసేవాడు జాగ్రత్తగా ఉండాలి. మీ కథ అచ్చయ్యేలోపు వార్తలు దాన్ని దాటిపోవచ్చు.

గ్రాన్ కొలంబియా

భాష ఒకటే, మతం ఒకటే, గెలిపించిన సైన్యం ఒకటే. అయినా పన్నెండేళ్లు నిండకుండానే వెనెజువెలా, న్యూ గ్రెనడా (నేటి కొలంబియా, పనామా), ఈక్వడార్‌గా విడిపోయింది. భాష ఒకటైతే చాలనుకునేవాళ్లు దీని చరిత్ర చదవాలి (ఆ విషయం మనకీ కొంచెం తెలుసు). స్పెయిన్ నుంచి దక్షిణ అమెరికాలోని ఈ ప్రాంతాన్ని విడిపించిన బొలీవర్ బొగోటాలో బలమైన కేంద్రం కావాలన్నాడు, 1826లో వెనెజువెలాలో పాయెజ్ తిరగబడ్డాడు, 1830 డిసెంబర్ 17న బొలీవర్ సాంటా మార్టాలో చనిపోయాడు. మధ్యలో ఆండీస్ పర్వతాలు, టెలిగ్రాఫ్ కూడా లేని కాలం.

నాకు నచ్చింది అప్పు. యుద్ధానికి లండన్‌లో తెచ్చిన అప్పుని 1834లో పంచుకున్నారు: న్యూ గ్రెనడాకి 50 శాతం, వెనెజువెలాకి 28.5, ఈక్వడార్‌కి 21.5. తొలి వాక్యం ఆ అంకెల దగ్గర మొదలెట్టొచ్చు. అయితే ఒక్క సంఘటన మారిస్తే ఈ దేశం నిలబడదు. కనీసం బొలీవర్ మనసు మారాలి, పాయెజ్‌కి వాటా దొరకాలి, రోడ్లు పడాలి. చరిత్ర లోతుగా చదివే ఓపిక ఉన్నవాళ్లకే ఇది.

వదిలేసినవి

రొడీషియా-న్యాసాలాండ్ సమాఖ్య (1953–63; నేటి జింబాబ్వే, జాంబియా, మలావీ) తెల్లవాళ్ల పెత్తనం నిలబెట్టుకోవడానికి కట్టింది. అది నిలిచిన ప్రపంచం ఊహించడమంటే ఒక పీడకల ఊహించడమే. రాయొచ్చు, కానీ తేలిక పుస్తకం కాదు. మలేషియా నుంచి సింగపూర్ 1965 ఆగస్టు 9న బయటికి వచ్చింది. అక్కడ ఇద్దరూ విడిపోయి బాగుపడ్డారు, అందుకే "కలిసి ఉంటే" అనే ప్రశ్నకి పాఠకుడు పెద్దగా కదలడు.

మీరు ఎవరు?

మొదటి పుస్తకమైతే వెస్టిండీస్. మలుపు చిన్నది, ఆధారాలు ఇంగ్లిష్‌లో దొరుకుతాయి, క్రికెట్ మీకు సాయం. విషాదంలోనూ హాస్యం దొరికే సమాఖ్య ఇదొక్కటే.

తెలంగాణ సాయుధ పోరాటం మీద ఇంట్లో కథలు విని పెరిగినవాళ్లు, తిట్లు తినడానికి సిద్ధమైనవాళ్లు క్యాబినెట్ మిషన్ తీసుకోండి. ఢిల్లీని తెరమీదికి వీలైనంత తక్కువ తీసుకురండి. నెహ్రూ, జిన్నా మాట్లాడే సీన్లు రాయకుండా, వాళ్ల నిర్ణయాలు ఒక తాలూకా కచేరీలో ఎలా దిగాయో రాస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

వెబ్ సిరీస్‌లా పరిగెత్తే కథ కావాలంటే తూర్పు ఆఫ్రికా. పదిహేను పేజీల్లో ముగించాలంటే మాలి, అదీ రైలు పెట్టెలో కూర్చున్న ఒక టికెట్ కలెక్టర్ కళ్లతో. ఆర్థికశాస్త్రం చదువుకున్నవాళ్లు గ్రాన్ కొలంబియాని ప్రయత్నించవచ్చు.

నేను మాత్రం ఆ పాత మూడు అధ్యాయాలు అటక మీద పడేసి వెస్టిండీస్‌కి మారిపోయాను. ఇప్పుడు మొదటి సీను 1963. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో అద్దె భవనం, పైకప్పు కారుతోంది. ప్రధాని మాన్లీ బడ్జెట్ చదవాలి. జమైకా వాటా ఇంకా రాలేదు.